చిన్న ఊరి బడికి రెండేళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి విషయం ఒకటే. వేరే దేశం వెళ్లి, అదీ పట్నంలో కాదు, ఒక చిన్న ఊళ్లో, అక్కడి బడి పిల్లలతో కొంతకాలం స్వచ్ఛందంగా పనిచేయడం. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. అమెరికాలోనే పుట్టింది. మే నెలలో సైకాలజీ డిగ్రీ అయిపోతుంది. మాస్టర్స్ చేస్తుందనుకుంటే మాకు చెప్పకుండా పీస్ కోర్‌కి అప్లై చేసింది, మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఒక చిన్న ఊరి బడిలో యూత్ డెవలప్‌మెంట్ పనికి, అంటే ఎదిగే వయసు పిల్లలకి తోడ్పడే పనికి, పిలుపు కూడా వచ్చింది. రెండేళ్ల పైమాటే. జీతం లేదు. వాళ్ల నాన్నగారు దానితో మాట్లాడటం మానేశారు. విజయవాడ నుంచి మా అత్తగారు రోజూ ఫోన్ చేసి పెళ్లీడు పిల్లని ఆ అడవుల్లోకి ఎలా పంపుతారని అడుగుతున్నారు. పైగా అది గుడ్డు కూడా ముట్టదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వద్దని గట్టిగా చెప్పమంటారా? — ఒక తల్లి, డల్లాస్

జవాబు: వద్దని చెప్పకండమ్మా. ఎందుకో చెప్తాను. మీ భయాల్లో పట్టించుకోవలసినవేవో, వదిలేయవలసినవేవో కూడా చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

పీస్ కోర్ ఎవరో నలుగురు కలిసి పెట్టుకున్న సంస్థ కాదు. వలంటీర్లని వేరే దేశాలకి పంపడానికి 1961 మార్చి 1న అధ్యక్షుడు కెనెడీ ఇచ్చిన ఉత్తర్వుతో మొదలైన అమెరికా ప్రభుత్వ సంస్థ. మన దేశంలోనూ 1961 నుంచి 1976 వరకు పనిచేసింది. మామూలుగా మొత్తం 27 నెలలు. మొదటి మూడు నెలలు ఆ దేశంలోనే శిక్షణ ఇస్తారు, అందులో ఎక్కువ భాగం భాష నేర్పడానికే పోతుంది, ఆ తర్వాత 24 నెలలు ఒకే ఊళ్లో ఉండి పని చేయాలి. అప్లికేషన్‌కి ఫీజు లేదు. విమానం టికెట్టు వాళ్లదే, వైద్యం ఖర్చు పళ్ల వైద్యంతో సహా వాళ్లదే. జీతం లేదన్నారు, నిజమే, కానీ ఆ ఊళ్లో ఆ ఊరివాళ్లలా బతకడానికి సరిపడా నెలనెలా భత్యం ఇస్తారు, రెండేళ్లూ పూర్తిచేసి బయటికి వచ్చేటప్పుడు పది వేల డాలర్ల పైచిలుకు చేతికిస్తారు, అందులో పన్ను పోతుందనుకోండి. తర్వాత మాస్టర్స్‌కి వెళ్లాలంటే కవర్‌డెల్ ఫెలోషిప్ అని తిరిగొచ్చిన వలంటీర్లకే ప్రత్యేకంగా చాలా యూనివర్సిటీల్లో ఫీజు రాయితీలున్నాయి, ఫెడరల్ ఉద్యోగాల్లో కూడా కొంతకాలం పాటు వీళ్లకి వెసులుబాటు ఉంటుంది. కాబట్టి చదువు పాడైపోతుందన్న భయం వదిలేయండి. సైకాలజీ చదివిన పిల్ల పన్నెండు, పదిహేనేళ్ల పిల్లల మధ్య రెండేళ్లు ఉండి వస్తే ఆ మాస్టర్స్ ఇంకా బాగా చదువుతుంది.

అడవులు అన్న మాట కూడా అత్తగారికి మీరే సర్దిచెప్పాలి. గ్వాటెమాలాలో ఈ బడి పనికి వలంటీర్లని ఎక్కువగా పడమటి కొండ ప్రాంతాలకి పంపుతూ వచ్చారు. కెత్సాల్తెనాంగో, టోటోనికపాన్, సోలోలా వైపు. చల్లటి ఊళ్లు, కెత్సాల్తెనాంగో పట్నమైతే సముద్ర మట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది, స్వెట్టర్ లేకుండా సాయంత్రాలు గడవవు. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చర్చి, దాని ముందు ఖాళీ స్థలం, పక్కనే మునిసిపాలిటీ ఆఫీసు, వారానికోసారో రెండుసార్లో సంత. ఇళ్లల్లో చాలామంది కీచే, మామ్ లాంటి మాయా భాషలు మాట్లాడతారు, బడిలో స్పానిష్. ఆ దేశంలో మాయా భాషలే 22 ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషుతో పెరిగిన పిల్లకి ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అంటే ఏమిటో మిగతా అమెరికన్ పిల్లల కంటే తొందరగా తెలుస్తుంది. అక్కడి పిల్లలకి దగ్గరవడానికి అది చాలా పనికొస్తుంది.

తిండి గురించి అంత బెంగ అక్కర్లేదు. రోజూ తినేది మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, కూరగాయలు, అరటిపండ్లు. అయితే ఆమె ఉండేది ఒక స్థానిక కుటుంబంతో, ఆ ఇంటావిడ ప్రేమగా కోడి పులుసు పోసి పెడితే వద్దనడం కష్టం. మొదటి వారంలోనే, నవ్వుతూనే, స్పష్టంగా, నేను పుట్టినప్పటి నుంచీ తినను అని చెప్పేయమనండి. మాంసం తీసేసి పులుసు పోస్తారు కొన్నిసార్లు, దానికి కూడా సిద్ధంగా ఉండాలి. పప్పులూ పొడులూ మీరు పంపొచ్చు గాని పార్సిళ్లు చేరడానికి వారాలు పడుతుంది, వెళ్లేటప్పుడు కొంచెం కారప్పొడి, ఇంగువ పెట్టెలో పెట్టండి చాలు.

ఇక పట్టించుకోవలసినది భద్రత. గ్వాటెమాలాలో నేరాలు ఎక్కువే, ముఖ్యంగా రాజధానిలో. భూకంపాలున్నాయి, అగ్నిపర్వతాలున్నాయి, 2018 జూన్‌లో ఫ్యూగో పేలి వందల మంది చనిపోయారు. వీధిలో ఒంటరిగా నడిచే అమ్మాయిని చూసి ఏదో ఒకటి అనే మగవాళ్లు అక్కడా ఉన్నారు. ఇవేవీ లేవని మీ అమ్మాయి మీతో అంటే నమ్మకండి, ఉన్నాయని ఒప్పుకుని ఏం చేయబోతోందో చెప్తే నమ్మండి. వలంటీర్లకి రూల్స్ గట్టివే. ఏ దారిలో ఏ బస్సు ఎక్కాలో, ఏ ప్రాంతాలకి వెళ్లకూడదో చెప్తారు, ఊరు దాటి రాత్రి బయట ఉంటే ముందే తెలియజేయాలి, బండి నడపకూడదు. పరిస్థితి చేయి దాటితే వెనక్కి తీసుకొచ్చేస్తారు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు 60కి పైగా దేశాల నుంచి దాదాపు 7,000 మంది వలంటీర్లని ఒక్కసారే ఇంటికి రప్పించారు. మళ్లీ మొదటి వలంటీర్లు బయలుదేరింది 2022 మార్చిలోనే. మీ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే వచ్చి చూసి వెళ్లడానికి అత్యవసర సెలవు ఇస్తారు. మామూలు సెలవు నెలకి రెండు రోజుల చొప్పున జమవుతుంది. శిక్షణ కాలం, పనిలో చేరిన మొదటి మూడు నెలలు, ఆఖరి మూడు నెలలు తప్ప మధ్యలో మీరే వెళ్లి చూసి రావచ్చు. వెళ్లండి కూడా. ఆమె ఉంటున్న ఇంటావిడకి ఒక చీర తీసుకెళ్లండి, ఆవిడ తను నేసిన గుడ్డ మీకిస్తుంది, అక్కడ ఆడవాళ్లు నడుముకి మగ్గం కట్టుకుని నేస్తారు.

వాళ్ల నాన్నగారితో ఒక మాట చెప్పండి. మాట్లాడటం మానేస్తే ఆమె ఆగదు, వెళ్లిన తర్వాత కష్టం వచ్చినా చెప్పదు, అది ఎక్కువ ప్రమాదం. కూర్చోబెట్టి అడగమనండి: అక్కడ ఒక మామూలు మంగళవారం పొద్దున్న లేచి ఏం చేస్తావు? పేపర్ మీద రాసివ్వమనండి. అనుభవం కోసం, ప్రపంచం చూడటానికి అన్న మాటలే వస్తే ఇంకా ఆలోచించుకోమని చెప్పే హక్కు మీకుంది. ఎనిమిదో తరగతి టీచర్‌తో కలిసి ఏ పాఠం ఎలా చెప్తుందో చెప్పగలిగితే ఆ పిల్ల సిద్ధంగా ఉన్నట్టే.

పెళ్లి సంగతి. తిరిగొచ్చేసరికి ఆమెకి ఇరవై నాలుగు, ఇరవై ఐదు. అంతే. అత్తగారికి ఒక విషయం చెప్పి చూడండి. ఆ దేశంలో ఆడపిల్లల పెళ్లి వయసు మొన్నమొన్నటి దాకా 14. 2015లో 18కి పెంచారు, అప్పుడు కూడా జడ్జి అనుమతితో పదహారేళ్లకి చేయొచ్చని వదిలిన సందుని 2017లో మూసేశారు. చట్టం మారినంత తొందరగా ఊళ్లు మారవు కదా, చదువు మానేసి కాపురానికి వెళ్లిపోయే పిల్లలు ఇంకా ఉన్నారు. మీ మనవరాలు వెళ్లేది అలాంటి పిల్లలు ఇంకో మూడేళ్లు బడిలో ఉండేలా చూడటానికి అని చెప్తే, మన ఊళ్లల్లో ఇలాంటివి కళ్లారా చూసిన ఆ తరం ఆవిడకి అర్థమవుతుందనే నా నమ్మకం.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, వయసు 27. ఉద్యోగం వదిలి పీస్ కోర్ వలంటీర్‌గా గ్వాటెమాలా వెళ్తున్నాను, బడిలో యూత్ డెవలప్‌మెంట్ పనికి. వెళ్లే ముందే ప్లాన్ వేసుకున్నాను. ఇక్కడి తెలుగు మిత్రుల దగ్గర చందాలు పోగుచేసి కంప్యూటర్ ల్యాబ్ పెట్టడం, పిల్లలకి కోడింగ్, ఇంగ్లీషు నేర్పడం. మొదటి ఆరు నెలల్లో ల్యాబ్ తెరవాలని లక్ష్యం. ఇంకా ఏమేం చేర్చుకోవచ్చు? — ఒక పాఠకుడు, షికాగో

జవాబు: చేర్చుకోవడం కాదండీ, చాలావరకు తీసేయండి. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు. ఉద్యోగం వదిలి వెళ్తున్నారంటే మీకు ఆ పని మీద ఎంత మనసుందో తెలుస్తోంది, అందుకే ఇంత సూటిగా చెప్తున్నాను. మీరు ఇంకా చూడని బడికి ఏం కావాలో మీరే తేల్చేశారు.

మీరు వెళ్లే బడి ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను. అక్కడ ఆరో తరగతితో ప్రాథమిక విద్య అయిపోతుంది. తర్వాత మూడేళ్లు బాసికో అంటారు, మన ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసు పిల్లలు. ఆరుతో ఆపేసేవాళ్లు చాలామంది, ముఖ్యంగా కొండ ఊళ్లల్లో, ఎందుకంటే బాసికో బడి ప్రతి ఊళ్లో ఉండదు, ఉన్నా చేనులో పని, చెల్లెళ్ల తమ్ముళ్ల బాధ్యత, లేదా ఉత్తరాన అమెరికాకి వెళ్లిపోయిన నాన్న పంపే డబ్బు ఆ నెల రాకపోవడం. కొన్ని బడులు పూర్తిగా ప్రభుత్వానివి. ఇంకొన్ని సహకార బడులు, అంటే ప్రభుత్వం కొంత, మునిసిపాలిటీ కొంత, తల్లిదండ్రులు కొంత వేసుకుని నడిపేవి. అలాంటి చోట ఒకే టీచర్ రెండు మూడు సబ్జెక్టులు చెప్పడం, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మాత్రమే క్లాసులు జరగడం, పొద్దున్న ఆ గదుల్లోనే ప్రాథమిక పాఠశాల నడవడం మామూలే. అలాంటి గదిలో మీ కంప్యూటర్లు ఎక్కడ పెడతారు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కరెంటు బిల్లు తల్లిదండ్రుల కమిటీ కట్టాలా? మీరు వచ్చేసిన తర్వాత ఒక మదర్‌బోర్డు పోతే బాగుచేయించడానికి పట్నం దాకా ఎవరు మోసుకెళ్తారు? వీటికి జవాబు లేకుండా తెరిచిన ల్యాబులు గుడ్డ కప్పుకుని పడి ఉంటాయి, ఇది గ్వాటెమాలా సంగతే కాదు, మన మండలాల్లో కూడా ఎన్ని లేవు.

యూత్ డెవలప్‌మెంట్ అంటే మీకు అప్పగించేది మరోటి. టీచర్ పక్కన నిలబడి, లైఫ్ స్కిల్స్ అనే పాఠాలు ఆ టీచరే చెప్పగలిగేలా సాయం చేయడం. ఎవరైనా బలవంతం చేస్తే కాదనడం ఎలా, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి, స్నేహితులు తాగమంటే ఏం చెప్పాలి, చిన్న వయసులో గర్భం వస్తే ఒంటికి, చదువుకి ఏమవుతుంది, తొమ్మిది తర్వాత ఏం చదవొచ్చు, దానికి డబ్బెంత. ఈ మాటలు మీ నోటి నుంచి వస్తే పిల్లలు విదేశీ అన్నయ్య వింతగా ఏదో చెప్పాడని వింటారు. వాళ్ల ఊళ్లోనే పెళ్లయి, వాళ్ల అమ్మకి తెలిసిన టీచరమ్మ నోటి నుంచి వస్తే ఇంట్లో కూడా మాట్లాడుకుంటారు. పైగా మీరు రెండేళ్లలో వచ్చేస్తారు, ఆవిడ ఇంకో ఇరవై ఏళ్లు అక్కడే పాఠం చెప్తుంది. నేను మీకు చెప్పదలిచిందంతా ఇదే: మీ విద్యార్థి ఆ టీచర్. పిల్లలు ఆవిడ విద్యార్థులు.

కాబట్టి మొదటి కొన్ని నెలలు మీ దగ్గర ఏ ప్లానూ లేనట్టే ఉండండి. క్లాసు వెనక బెంచీలో కూర్చోండి. హాజరు పట్టీలో ఏ నెలలో ఎవరి పేర్లు కొట్టేసి ఉన్నాయో చూడండి. పిల్లలు ఏ కాలంలో మానేస్తున్నారో, అది కోతలకా, తీరం వైపు తోటల్లో కూలికి వెళ్లడానికా అన్నది అందులోనే ఉంటుంది. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలై అక్టోబరులో ముగుస్తుంది, మీ అలవాటు ప్రకారం ఆగస్టులో కొత్త పని మొదలుపెడదామనుకుంటే కుదరదు. సెప్టెంబరు 15 వాళ్ల స్వాతంత్ర్య దినం. దానికి ముందు వారాల తరబడి బడులన్నీ డ్రమ్ముల ప్రాక్టీసులో, కవాతు రిహార్సల్స్‌లో మునిగిపోతాయి, 14న పిల్లలు కాగడాలు పట్టుకుని ఊరి నుంచి ఊరికి పరుగెత్తుతారు. క్లాసులు పోతున్నాయని విసుక్కునే వలంటీర్లుంటారు. మీరు మాత్రం ఆ పిల్లలతో పరుగెత్తండి. క్లాసులో ఒక్క మాట మాట్లాడని పిల్లవాడు ఆ బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తూ అందరినీ నడిపించడం చూస్తారు, వాడితో ఏం పని చేయించాలో అప్పుడు తెలుస్తుంది.

క్యాంపుల గురించి కూడా వినే ఉంటారు. ఆడపిల్లల కోసం గ్లో క్యాంపు అని 1995లో రుమేనియాలో వలంటీర్లూ అక్కడి టీచర్లూ కలిసి మొదలుపెట్టారు, తర్వాత చాలా దేశాలకి పాకింది. అది నిలిచింది ఎక్కడంటే అక్కడి ఆడవాళ్లు దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న చోట. మీరు మగవాళ్లు, ఆడపిల్లల క్యాంపు మీరు నడపకూడదు, కానీ మగపిల్లలతో చేయవలసిన పని కొండంత ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఫుట్‌బాల్ ఆడించండి, ఆట తర్వాత పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. ఇంట్లో చెల్లెలు నీళ్లు మోస్తుంటే తాను ఆడుకోవడం గురించి ఒక పదమూడేళ్ల కుర్రాడు ఆలోచించడం మొదలుపెట్టాడంటే అది మీ కోడింగ్ క్లాసు కంటే పెద్ద పని.

కొన్ని విషయాల్లో మాత్రం గట్టిగా ఉండండి. పిల్లలతో ఒంటరిగా మూసిన గదిలో ఉండొద్దు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. వాళ్లతో వాట్సాప్‌లో విడిగా చాటింగ్ వద్దు. వాళ్ల ఫొటోలు మీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దు, అందులోనూ చిరిగిన బట్టలతో ఉన్నవి, ఏ తల్లీ తన బిడ్డని లోకం అలా చూడాలనుకోదు. ఎవరికీ ఒక్కరికే డబ్బివ్వొద్దు, ఒకరికిస్తే రెండో రోజుకి ఊరంతా తెలుస్తుంది, టీచర్‌కీ మీకూ మధ్య అది గోడ అవుతుంది. చందాలు ఇప్పుడే పోగుచేయకండి. ఏడాది తర్వాత బడివాళ్లే, తల్లిదండ్రుల కమిటీయే, మాకు ఫలానాది కావాలి, మేమింత పెట్టుకుంటాం, మిగతాది చూడండి అని అడిగితే అప్పుడు మీ మిత్రులకి రాయండి. అది కంప్యూటరే కావచ్చు, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు కూడా కావచ్చు.

ఇంగ్లీషు సంగతి మర్చిపోయాను. అక్కడి సిలబస్‌లో ఇంగ్లీషు ఉంటుంది, టీచర్ సాయం అడిగితే చేయండి. అంతవరకే. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ కొద్ది నెలలూ స్పానిష్ మీద పెట్టండి, రోజుకి గంట కాదు, మూడు గంటలు.

ప్రశ్న: అక్కా, నాది కరీంనగర్. బీఈడీ అయింది, 24 ఏళ్లు. విదేశాల్లో పిల్లలకు వలంటీర్‌గా పాఠాలు చెప్పాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూసి ఫోన్ చేస్తే, కంబోడియాలో అనాథాశ్రమంలో నాలుగు వారాలు ఇంగ్లీషు నేర్పొచ్చు, సర్టిఫికెట్ ఇస్తాం, లక్షా ఎనభై వేలు కట్టమన్నారు. టూరిస్టు వీసా చాలంటున్నారు. నాన్న అప్పు చేస్తానంటున్నాడు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొద్దు తమ్ముడూ. నాన్నని అప్పు చేయనివ్వకు. ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయ్.

డబ్బు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. కంబోడియా, నేపాల్ లాంటి చోట్ల అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పటి నుంచో చెప్తోంది. విదేశీ వలంటీర్లు డబ్బు కట్టి వస్తున్నారు కాబట్టి పేద ఇళ్ల నుంచి చదువు చెప్పిస్తామని పిల్లల్ని తెచ్చి ఆశ్రమాలు నింపేవాళ్లు తయారయ్యారు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు ఇలా ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ కోవలో లెక్కించింది. 2019లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా దీని మీద ఆందోళన తెలిపింది. నువ్వు మంచి మనసుతోనే వెళ్తావు, కానీ నీ లక్షా ఎనభై వేలు ఎవరో ఒక తల్లి నుంచి బిడ్డని దూరం చేయడానికి ఖర్చు కావచ్చు. ఆ పిల్లలు నాలుగు వారాలకో కొత్త అన్నకి అలవాటుపడి, మళ్లీ ఏడ్చి, మళ్లీ ఇంకొకరికి అలవాటుపడతారు. ఇది వాళ్లకి చేసే మేలు కాదు.

ఇంకో పరీక్ష చెప్తాను, ఎక్కడైనా పనికొస్తుంది. పిల్లల దగ్గరికి పంపుతూ నీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగని సంస్థకి ఆ పిల్లల క్షేమం పట్టదు. నిన్ను ఇంటర్వ్యూ కూడా చేయకుండా డబ్బు కట్టగానే తీసుకున్నారంటే, నీలాగే డబ్బు కట్టిన ఎవరినైనా తీసుకుంటారు. టూరిస్టు వీసా మీద స్వచ్ఛందంగా పనిచేయడం కూడా చాలా దేశాల్లో చట్టవిరుద్ధమే, జీతం తీసుకోలేదు కదా అంటే వినరు, దొరికితే జరిమానా నువ్వే కట్టాలి, వెనక్కి పంపించేదీ నిన్నే.

మరి దారులు లేవా అంటే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమం, యూఎన్‌వీ అంటారు, జర్మనీలోని బాన్ నుంచి నడుస్తుంది. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకి యూత్ వలంటీర్ విభాగం వేరే ఉంది. వాళ్లే భత్యం ఇస్తారు, నువ్వు పైసా కట్టక్కర్లేదు. వాళ్ల సొంత సైట్లో ప్రొఫైల్ పెట్టుకో. పోటీ ఎక్కువ, కాబట్టి ఒక ఏడాది ఓపిక పట్టాల్సి రావచ్చు. జర్మనీ ప్రభుత్వం వెల్ట్‌వెర్ట్స్ అనే పథకం 2008లో తమ యువకుల్ని బయటికి పంపడానికి మొదలుపెట్టి, తర్వాత మన లాంటి దేశాల వాళ్లని అక్కడికి పిలిచేలా కూడా మార్చింది, 18 నుంచి 28 ఏళ్ల మధ్య ఉండాలి. అక్కడే ఫెడరల్ వలంటీర్ సర్వీస్ అని 2011 నుంచి ఇంకోటి ఉంది. ఇందులో మామూలుగా ఏడాది, బడుల్లో, పిల్లల కేంద్రాల్లో, వికలాంగుల దగ్గర, వృద్ధుల దగ్గర పని, పాకెట్ మనీ, ఇన్సూరెన్స్ ఇస్తారు, చాలాచోట్ల వసతి కూడా. జర్మన్ కొంతైనా రావాలి. వీటిలో చేర్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు తగులుతారు, నేరుగా ఆ సంస్థలకే రాయి, రాయడానికి డబ్బులు తీసుకోరు.

ఈలోగా నీ బీఈడీ ఖాళీగా ఉంచకు. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ హైదరాబాద్‌లో ఉంది, రెండేళ్లు, స్టైపెండ్ ఇస్తారు. లేదంటే మీ ఊరి హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ని కలిసి ఒక విద్యా సంవత్సరం సాయంత్రాలు తొమ్మిదో తరగతి పిల్లలతో కూర్చుంటానని అడుగు. ఒక సంవత్సరం ఒకే బడిలో నిలబడినవాడిని ఏ దేశం వాళ్లైనా తీసుకుంటారు, నాలుగు వారాల సర్టిఫికెట్‌ని ఎవరూ చూడరు.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యాను, 66 ఏళ్లు. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర కాలిఫోర్నియాలో ఉంటున్నాం. నాకు ఈ మధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది, మా ఆవిడకి ఇంకా గ్రీన్ కార్డే. ఈ వయసులో నన్ను పీస్ కోర్‌లో తీసుకుంటారా? ఇద్దరం కలిసి వెళ్లొచ్చా?

జవాబు: తీసుకుంటారు మాస్టారూ. పీస్ కోర్‌లో 18 నిండాలనే గాని పై వయసుకి హద్దు లేదు. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 1966లో 68 ఏళ్ల వయసులో వలంటీర్‌గా మన బొంబాయి పక్కన విఖ్రోలీకి వచ్చి నర్సుగా పనిచేశారు, అప్పటికి కొడుకు ఇంకా అధ్యక్షుడు కాలేదు. ముప్పై ఏళ్లు బడి నడిపిన మనిషి వస్తానంటే అక్కడి హెడ్‌మాస్టర్లకి అంతకంటే కావలసిందేముంది. టైమ్ టేబుల్ వేయడం, గొడవపడే టీచర్లని ఒకచోట కూర్చోబెట్టడం, బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి తండ్రితో మాట్లాడటం, ఇవి ఏ ఇరవై రెండేళ్ల వలంటీర్‌కీ రావు.

అయితే మెడికల్ క్లియరెన్స్ చాలా పట్టుగా చూస్తారు. బీపీ, షుగర్ ఉన్నా ముందే దాచకుండా చెప్పండి, మందులతో అదుపులో ఉంటే, ఆ వైద్యం దొరికే దేశానికి పంపడానికి చూస్తారు. రెండేళ్లు ఎక్కువ అనిపిస్తే అనుభవం ఉన్నవాళ్ల కోసం పీస్ కోర్ రెస్పాన్స్ అని ఏడాది లోపు పనులు ఉంటాయి, మీకు అదే బాగా కుదురుతుందని నాకనిపిస్తోంది.

మీ ఆవిడ విషయంలో మాత్రం ఆగాలి. గ్రీన్ కార్డు సరిపోదు, వలంటీర్లందరూ అమెరికా పౌరులే అయి ఉండాలి. భార్యాభర్తలు కలిసి వెళ్లడానికి వీలుంది గాని ఇద్దరూ ఎవరికి వారు అప్లై చేసి, ఇద్దరూ ఎంపిక కావాలి, ఇద్దరికీ ఒకే దేశంలో పని ఉండాలి. ఆవిడకి పౌరసత్వం వచ్చేదాకా ఇద్దరూ కలిసి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో స్పానిష్ క్లాసులో చేరండి. కాలిఫోర్నియాలో సాయంత్రం క్లాసులు చాలాచోట్ల ఉంటాయి, మీ వయసువాళ్లు కూడా వస్తారు.